నేను తన్నని నడుము

నేను పుట్టినప్పుడు తల కాదు, కాళ్ళు ముందు వచ్చాయి. అట్లా పుట్టినవాళ్ళను మా వైపు ఎదురుకాళ్ళ వాళ్ళు అంటారు. ఎదురుకాళ్ళ మనిషి కుడికాలితో మూడుసార్లు తంతే పట్టేసిన నడుము వదులుతుందని నమ్మకం. ఈ ఏర్పాటు గురించి నన్నెవరూ అడగలేదు. నాకు ఊహ తెలిసేసరికే నా కుడికాలు ఊరుమ్మడి ఆస్తి అయిపోయింది. ఆ కాన్పులో రెండు రోజులు నరకం పడింది మా అమ్మ. పేరు మాత్రం కాలికి వచ్చింది.

దీనికి కొన్ని నియమాలున్నాయి. నొప్పి ఉన్నవాళ్ళు పరగడుపున రావాలి. గడప మీదుగా బోర్లా పడుకోవాలి. నేను ఎడమకాలి మీద నిలబడి, కుడికాలితో నడుము మీద మూడుసార్లు తన్నాలి. తన్నడమంటే బంతిని తన్నినట్టు కాదు, పాదంతో గట్టిగా తాటించడం. ఆ సమయంలో ఇద్దరూ మాట్లాడకూడదు. అయ్యాక వాళ్ళు లేచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. తగ్గిందని మళ్ళీ వచ్చి చెప్పకూడదు. చెబితే నొప్పి తిరగబెడుతుందట. ఈ చివరి నియమం పెట్టినవాళ్ళెవరో గానీ, వాళ్ళు ఎదురుకాళ్ళతో పుట్టి ఉండరు. నలభై ఏళ్ళపాటు తెల్లవారుజామున లేచి జనం నడుములు తన్నాను. ఒక్కరంటే ఒక్కరు కూడా మంచిమాట చెప్పలేదు. నియమం ఒప్పుకోదు కదా.

పొరపాటున పెద్దవాళ్ళకు కాలు తగిలితే వంగి దండం పెట్టుకునే పద్ధతి మాది. అట్లాంటిది, నేను మా మామగారిని తన్నాను. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన పంతులుగారిని తన్నాను. పెళ్ళిచూపులకు వచ్చి నన్ను నల్లగా ఉందని కాదన్న ఒకాయన, తర్వాత పదేళ్ళకు నడుము పట్టేసి మా గడప మీద పడుకున్నాడు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేను గుర్తుపట్టాను. మూడంటే మూడే తన్నాను. నియమం నియమమే.

మాచర్ల వైపు పల్లె నుంచి నన్ను నరసరావుపేట ఇచ్చారు. మా ఆయన తాపీమేస్త్రీ. నేను ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన అక్క, అంటే మా వదిన, ఈపూరు దగ్గర పల్లెలో సేద్యం చేస్తుంది. మా ఆయన కంటే పదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది గనుక మా ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. ఈ రాత అంతా ఆమె అన్న ఒక మాట గురించి.

నా పెళ్ళయిన ఆరో ఏడు, మిరపకాయల పనికి సాయం రమ్మని కబురు చేసింది. ఎండిన కాయను కల్లంలో టిక్కీలకు ఎత్తుతున్నారు. టిక్కీ అంటే మిరపకాయలు కూరిన పెద్ద గోనె బస్తా. కాయ ఎక్కువ పట్టాలంటే గోనెలో దిగి కాళ్ళతో తొక్కాలి. "నీయి మంచి కాళ్ళే, నువ్వే తొక్కు" అంది వదిన. పొద్దుటి నుంచి తొక్కాను. మధ్యాహ్నం అన్నాలకు ముందు ఒక టిక్కీని చెరో వైపూ పట్టుకుని ఎత్తబోయాం. నడుములో ఏదో జారినట్టయింది. అక్కడి నుంచి పిర్రలోకి, తొడ వెనక నుంచి మడమ దాకా, కుడికాల్లో కరెంటు కొట్టినట్టు పాకింది. ఉన్నచోటనే కూలబడ్డాను.

"ఏందే, కూసున్నావు?" అంది వదిన.

"నడుం పట్టేసింది వదినా. కాల్లోకి గుంజుతోంది."

ఆమె టిక్కీ వదిలేసి, అన్నాలు తింటున్న కూలీల వైపు తిరిగింది. "ఇన్నారా! ఎదురుకాళ్ళ దానికి నడుంనొప్పంట! ఊళ్ళో వాళ్ళ నడుములన్నీ తన్నిద్ది, దీని నడుం మాత్రం ఇది తన్నుకోలేదంట. నాలుగు టిక్కీలు ఎత్తేసరికి నాటకం మొదలుపెట్టింది."

ఏడుగురు నవ్వారు. ఎనిమిదో ఆయన అప్పుడు నీళ్ళు తాగుతున్నాడు. నవ్వేవాడో లేదో తెలియదు గనుక ఆయన్ని నేను కలుపుకోలేదు.

ఆ మాట అక్కడితో ఆగలేదు. మా అత్తగారి నోటికి వచ్చింది. తర్వాత మా ఆయన నోటికీ వచ్చింది. నేను ఎప్పుడు నడుము మీద చెయ్యి వేసుకున్నా, "మొదలైందిరా నాటకం" అని ఇంట్లో ఎవరో ఒకరు అనేవాళ్ళు. అది ఇరవై మూడేళ్ళ కిందటి సంగతి. అప్పటి నుంచి నేను కోరుకున్నది ఒక్కటే. ఏ నోటితో నాటకం అందో ఆ నోటితోనే వదిన "నీ నొప్పి నిజమే" అనాలి. చీర పెట్టక్కర్లేదు, క్షమాపణ చెప్పక్కర్లేదు. మూడు మాటలు చాలు.

ఈలోగా నొప్పి నాతోనే ఉండిపోయింది. వైద్యం చేయించుకోలేదని ఎవరూ అనడానికి లేదు. మొదట మా వీధి ఆరెంపీ డాక్టరు తుంటికి సూది వేశాడు. మూడు రోజులు ఆ కాలు నాది కాదేమో అన్నంత హాయిగా ఉండేది. నాలుగో రోజు మళ్ళీ నాదే అయ్యేది. సూదుల తర్వాత మాత్రలు. అవి మింగీ మింగీ నడుము తగ్గలేదు గాని కడుపులో మంట మొదలైంది. దానికి వేరే మాత్రలు. ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టుకున్నాను. బెల్టు పెట్టుకున్నాను. బెల్టు తీస్తే నడుము నిలవదేమో అన్నంత అలవాటైంది. కదలకుండా పడుకోమని ఎవరో చెబితే నెల రోజులు చెక్కమంచం మీద పడుకున్నాను. నెల తర్వాత లేస్తే, అంతకుముందు నడవగలిగినంత కూడా నడవలేకపోయాను. ఆ నెల రోజులు మా అత్తగారు నాకు మంచం దగ్గరికి అన్నం తెచ్చిన మాట వాస్తవమే. తెచ్చిన ప్రతిసారీ గిన్నె ఠంగుమని చప్పుడుతో పెట్టిన మాట కూడా వాస్తవమే.

చివరికి గుంటూరు వెళ్ళి స్కానింగ్ తీయించుకున్నాం. అక్కడి పెద్ద డాక్టరు ఫొటోను లైటుకు పెట్టి చూశాడు. "ఒక డిస్క్ కొంచెం ఉబ్బింది. ఈ వయసుకు చానామందికి ఉండేదే. పెద్దగా ఏం లేదమ్మా" అన్నాడు. పెద్దగా ఏం లేదన్న ముక్క మా ఆయన బస్టాండు దాకా జాగ్రత్తగా మోసుకొచ్చి, అక్కడి నుంచే వాళ్ళ అక్కకు ఫోన్ చేసి చెప్పాడు. స్కానింగ్ కూడా వదిన పక్షమే తీసుకుంది.

తర్వాత మా ఆయనకు కుడి గూడ పట్టేసింది. చెయ్యి చెవి దాకా కూడా లేవదు, చొక్కా తొడుక్కోలేడు, శ్లాబు కింద ప్లాస్టరింగ్ చేయలేడు. గూడ కీలు బిగుసుకుపోయిందని, రోజూ కొద్దికొద్దిగా కదిలిస్తుంటే నెమ్మదిగా వదులుతుందని, ఏడాది పట్టొచ్చని డాక్టరు చెప్పాడు. ఆ కబురు తెలిసిన రోజే వదిన ఈపూరు నుంచి నాటుకోడి పట్టుకుని దిగింది. పులుసు చేసి తమ్ముడికి తన చేత్తో కలిపి పెట్టింది. "ఎంత నొప్పో పాపం, వాడి మొహం చూడు" అంది. ఆయన మొహం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఆయన చెయ్యి లేవదు గనుక ఆ నొప్పి అందరికీ కనిపిస్తుంది. నాది కాలి లోపల ఎక్కడో పోతుంది. కనిపించే నొప్పికి కోడి, కనిపించని నొప్పికి మాటలు. ఆ కోడిని కోసి కాల్చి కడిగింది నేనే. వంగి.

మా ఆయన్ని గూడ వ్యాయామాలకు తీసుకెళ్ళిన చోటే నాకు ఫిజియోథెరపీ అమ్మాయి తగిలింది. పాతికేళ్ళుంటాయి. ఆయన చెయ్యి తిప్పిస్తూ, పక్కన నేను కుర్చీలో ఒక తుంటి మీదే కూర్చోవడం గమనించింది.

"ఆంటీ, మీకేంటి ప్రాబ్లం?" అంది.

ఆంటీ అనడం తప్ప ఆ అమ్మాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నన్ను పడుకోబెట్టి కాలు ఎత్తించింది, వేళ్ళు కదిలించమంది, సూదిమొనతో పాదం మీద తాకి తెలుస్తోందా అని అడిగింది. ఇరవై ఏళ్ళలో నా కాలు చూసి మందు రాసినవాళ్ళు ఉన్నారు గాని, నా కాలును ప్రశ్నలు అడిగినవాళ్ళు లేరు.

"స్కానింగులో ఏం లేదన్నారు" అని నేనే ముందు చెప్పేశాను. ఎట్లాగూ అంటుంది కదా అని.

"ఫొటోలో నొప్పి పడదు ఆంటీ. ఎముక పడుద్ది, డిస్క్ పడుద్ది. కొందరికి ఫొటో ఘోరంగా ఉంటది, నొప్పే ఉండదు. కొందరికి ఫొటో బానే ఉంటది, నిద్ర పట్టదు. దెబ్బ తగిలినప్పుడు నొప్పి కాపలా కూర్చుంటది. దెబ్బ మానినాక కూడా ఒక్కోసారి ఆ కాపలా లేవదు. నరాలకి అదే అలవాటైపోద్ది. అంతేగాని మీరు కల్పించుకుంది కాదు. నొప్పి నిజమే."

"ఏమన్నావమ్మా?"

"నొప్పి నిజమే అన్నాను."

"ఇంకోసారి చెప్పు. ఆయన వినలేదు."

మా ఆయన వినలేదనడానికి లేదు, రెండడుగుల దూరంలో ఉన్నాడు. అయినా ఆ అమ్మాయి మళ్ళీ చెప్పింది. ఆ ముక్క కాగితం మీద రాసిమ్మన్నాను. నవ్వుతూ చీటీ మీద "నొప్పి నిజం" అని రాసింది. స్టాంపు వేయమన్నాను. ఇట్లాంటి వాటికి స్టాంపు వేయరని అంది. నేను లేవలేదు. నా వెనక ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. చివరికి వేసింది. ఆ చీటీ ఇప్పటికీ నా మిషన్ సొరుగులో, దారపుండల కింద ఉంది.

వైద్యం మాత్రం నేననుకున్నట్టు లేదు. సూది లేదు, మంచం లేదు. అరగంటకోసారి మిషన్ ముందు నుంచి లేవాలి. పొద్దున, సాయంత్రం నడవాలి. నొప్పి ఉన్నా నడవాలి, అది బాగా పెరిగితే కొంచెం తగ్గించుకోవాలి, మానేయకూడదు. నేల మీద పడుకుని నాలుగు రకాల వ్యాయామాలు. డాక్టరుకు చూపించి, నరాల నొప్పికి పడుకునేముందు వేసుకునే మాత్ర ఒకటి రాయించింది. అది వేసుకుంటే పొద్దున కాసేపు మత్తుగా ఉండేది. పూర్తిగా పోతుందా అని అడిగితే, "పూర్తిగా పోద్దని నేను మాటియ్యను. మీ పనికి అడ్డం రాకుండా చేసుకుందాం" అంది. ఇన్నేళ్ళలో నాకు పూర్తిగా తగ్గిస్తానని మాట ఇవ్వని మనిషి ఆ అమ్మాయొక్కతే. ఎక్కువో తక్కువో తగ్గింది కూడా ఆమె దగ్గరే.

మిషన్లు రిపేరు చేసే భాయ్‌ని పిలిపించాను. మిషన్ కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాడు, కాలితో తొక్కే పని లేకుండా మోటారు బిగించాడు. "ముందే చెప్పొచ్చుగదమ్మా, అరపూట పని" అన్నాడు. ముందే చెప్పాను. ఆరేళ్ళ కిందట చెప్పాను. అప్పుడాయన పండగ పనుల్లో ఉన్నాడు.

మీరేం పని చేస్తారని ఆ అమ్మాయి అడిగిన రోజు, కుట్టుపనితో పాటు తన్నే పని కూడా చెప్పాను. రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది.

"ఈ నడుంతో ఒంటికాలి మీద నిలబడి, ఇంకొకళ్ళ నడుం తంతారా?"

"మెల్లగానే తంతాను."

"ఆ నడుములో ఏముందో తెలియకుండా?"

నాకు కోపం వచ్చిన మాట నిజం. నా కాలిని అట్లా అన్నవాళ్ళు అంతకుముందు లేరు. కానీ ఆమె కోప్పడకుండా చెప్పింది. మామూలుగా పట్టేసిన నడుములు చాలా వరకు వాటంతటవే కొన్నాళ్ళకు వదులుతాయట. ఆ పేరు నా కాలికి వచ్చి ఉంటుందట. ఇది వినడానికి బాగాలేదు. వదలనివి కొన్ని ఉంటాయి, వాటిని తాకకూడదు అంది. నా వ్యాయామాల కాగితం వెనక రాసిచ్చింది. పెద్ద వయసు ఆడమనిషా? పడ్డారా, బరువెత్తినప్పుడు కటుక్కుమందా? కీళ్ళకని పొడులు, మాత్రలు ఏళ్ళ తరబడి వాడుతున్నారా? జ్వరం ఉందా, మనిషి చిక్కిపోయారా? కాళ్ళు మొద్దుబారాయా, ఒంటేలు తెలియకుండా పోతోందా? వీటిలో ఒక్కటి ఉన్నా ఆస్పత్రికి పంపమంది.

ఇంటికి వచ్చి నా బోర్డు కిందికి దింపించాను. "జాకెట్లు, లంగాలు కుట్టబడును" అని ఉన్నదాని కింద "నడుములు తన్నబడవు" అని రాయించి మళ్ళీ ఎక్కించాను. వీధి వీధంతా ముఖం మాడ్చుకుంది. నలభై ఏళ్ళు తన్నితే ఎవరూ తిరిగి చూడలేదు. మానేసిన వారంలోనే అందరూ తిరిగి చూశారు.

పోయిన ఏడు మాఘమాసంలో ఒక పొద్దున తలుపు తీసేసరికి గుమ్మంలో వదిన ఉంది. గోడ పట్టుకుని, ముందుకు వంగి నిలబడింది. అరవై దాటింది. తొలి బస్సుకు వచ్చిందట.

"ఏమే, మొహం కూడా కడగలేదా ఇంకా? పరగడుపునే వచ్చా. తొరగా తన్ను, పది గంటల బస్సుకి పోవాల."

"బోర్డు చూడలేదా వదినా?"

"నాకు చదువొచ్చా?"

అంటూనే గోడ పట్టుకుని మోకాళ్ళ మీద వంగి, అమ్మా అయ్యా అనుకుంటూ గడప మీదుగా బోర్లా పడుకుంది.

ఆ నడుము నా ముందు ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆ నడుము గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అది ఎప్పుడో ఒకనాడు పట్టేస్తుందని, ఈ గడప మీదికి వస్తుందని, మూడు తన్నులకు నాకు హక్కు ఉంటుందని, దానికి పాపం కూడా అంటదని అనుకునేదాన్ని. ఎంత గట్టిగా అన్నది నియమాల్లో ఎక్కడా లేదు. అలవాటుగా ఎడమకాలి మీద నిలబడ్డాను. కుడికాలు లేచింది.

"ఎప్పటి నుంచి వదినా?" అని అడిగాను.

"మాట్టాడకూడదు గదే!"

"ఎప్పటి నుంచి?"

"పది రోజులు. బర్రెకి కుడితి బకెట్టు ఎత్తా. కటుక్కుమంది."

కాలు దించాను. మిషన్ సొరుగులోంచి కాగితం తీసుకొచ్చాను.

"మోకాళ్ళకి పొడి వాడుతున్నావుగా, సంతలో ఆయన దగ్గర. ఎన్నేళ్ళయింది?"

"నాలుగేళ్ళు. అది ఏసుకుంటేనే లేచి తిరుగుతున్నా. నువ్వు తన్నవే ముందు, చలికి చస్తన్నా!"

కాగితంలో మూడింటికి అవుననే వచ్చింది. కాళ్ళు మొద్దుబారాయా అని అడిగాను. లేదంది. మిగతావి కూడా అడిగాను. చివరి ప్రశ్నకు మాత్రం తల ఎత్తి, "నీకేమన్నా పిచ్చి పట్టిందా ఏందే?" అంది.

"నేను తన్నను వదినా. ఆస్పత్రికి పోదాం."

ఆ తర్వాత జరిగింది మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు, తప్పుగా చెప్పుకుంటారు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మా ఆయన నోట్లో బ్రష్షుతో పెరట్లోంచి వచ్చాడు. పక్కింటి పిన్ని పిట్టగోడ మీదుగా తల పెట్టింది.

"ఏందమ్మా, పెద్దావిడ గడప మీద పడుంటే అట్టా చూస్తా నిలబడ్డావు?" అంది పిన్ని.

"చూడు పిన్నీ," అని వదిన పడుకునే మొరపెట్టుకుంది, "తన్నమంటే తన్నట్లా! పరాయోళ్ళందర్నీ తన్నింది. సొంత ఆడబిడ్డని తన్నటానికి దీనికి కాలు రావట్లా!"

"ఒక్కటి తన్నవే," అన్నాడు మా ఆయన నురగతోనే. "పెద్దది, నోరు తెరిచి అడుగుతోంది."

"ఒక్కటి కాదురా, మూడు!" అంది వదిన.

"ఎముక విరిగుండొచ్చు" అన్నాను.

"ఇరిగితే బస్సెక్కి ఎట్టా వస్తా? అదేం కాదులే, పగ. ఎప్పుడో ఏదో అన్నానని కడుపులో పెట్టుకుంది. ఎంత పగుంటే మాత్తరం మనిషన్నది ఒక్క తన్ను తన్నదా?"

ఎప్పుడో ఏదో అన్నానని. అంటే ఆమెకు గుర్తుంది. ఇది నేను అక్కడే, అప్పుడే గమనించాను.

ఆమె తల పక్కకు తిప్పి నన్ను చూసింది. గొంతు తగ్గించింది.

"ఏమే, నాది నాటకం అనుకుంటన్నావా?"

ఇరవై రెండేళ్ళకు ఆ మాట దానంతటది నడిచి నా గడప దగ్గరికి వచ్చింది. అవును అంటే సరిపోయేది. పిన్ని ఉంది, మా ఆయన ఉన్నాడు, వినడానికి మనుషులు కూడా ఉన్నారు. ఆమె కంటి చివర నీళ్ళు ఉన్నాయి, అవి చలికి వచ్చినవి కావు. అట్లాంటి నీళ్ళు ఎట్లా వస్తాయో నాకు తెలుసు.

"లేదు వదినా. నీ నొప్పి నిజమే. అందుకే తన్నను."

నేను వినాలని దాచుకున్న మాట అది. ముందు నేనే అనాల్సి వచ్చింది. ఇది కూడా ఆమె ఖాతాలోనే వేశాను.

ఆమెను లేపడానికి ముగ్గురం పట్టాం. మా ఆయన ఒంటిచేత్తో. ఆటో వెనక సీట్లో పరుపు పరిచి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో వెన్నుపూస ఒకటి, అగ్గిపెట్టెను ఒక పక్క నొక్కినట్టు, ముందువైపు అణిగిపోయి ఉంది. డాక్టరు పొడి పొట్లం చూపించమన్నాడు. ఇట్లాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చని, అందుకే మోకాళ్ళు హాయిగా ఉంటాయని, ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయని చెప్పాడు. అయితే పొడిని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమేనట. తను చెప్పిన మాత్రలతో నెమ్మదిగా తగ్గిస్తూ మాన్పించాలన్నాడు. ఎముక గట్టిపడటానికి మందు, కాల్షియం, కొన్ని వారాలు బెల్టు, తర్వాత మెల్లగా నడక.

"దీని మీద ఎవరన్నా తొక్కడం, తన్నడం లాంటివి చేయలేదు కదా?" అని అడిగాడు. మా వైపు డాక్టరే, తెలుసు.

"లేదయ్యా," అంది వదిన. "నేను అడిగా. ఇది తన్నలా. మంచికే పగబట్టింది."

కాపాడింది నేను. పేరు పగకు వచ్చింది.

ఈపూరు పంపే పరిస్థితి కాదు గనుక మూడు నెలలకు పైగా మా ఇంట్లోనే ఉంది. నేను మంచం దగ్గరికి అన్నం తీసుకెళ్ళి పెట్టాను. గిన్నె చప్పుడు కాకుండా పెట్టాను. అట్లా పెట్టొచ్చని తెలియాలి కదా. ఆమె మాత్రం చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకూ దిండు కింద నుంచి ఎక్స్‌రే తీసి చూపించేది. కిటికీ వెలుతురుకు పెట్టి, "ఇదిగో, ఇక్కడ అణిగింది" అనేది. ఒకరోజు నా వైపు తిరిగి, "నాది ఫొటోలో పడింది. నీది పడలేదుగా" అంది. మామూలుగానే అంది. నేను జాకెట్టుకు కాజా కుడుతున్నాను. కాజా పూర్తి చేశాను.

మూడు నెలలకు మళ్ళీ ఫొటో తీశారు. ఎముక అతుక్కుంది, బాగుందన్నాడు డాక్టరు. కానీ వదినకు నొప్పి పోలేదు. మునుపటంత కాదు గాని, కూర్చుంటే ఒక సలుపు, లేస్తే ఒక పీకు. ఈపూరు నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టుకుని మాట్లాడుతుంది గనుక నేనూ విన్నాను.

"అమ్మా, ఫొటోలో బానే ఉందన్నారంటగా. ఇంకా ఏంది? బర్రెలకాడ ఎవరూ లేక చస్తన్నాం. నీ కోడలు అంటంది, అత్త అక్కడ బాగా మరిగిందని."

వదిన ఫోన్ పెట్టేసి గోడ వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. నేను మిషన్ ఆపలేదు. నాకు సంతోషం కలిగిందా అంటే, కలగాలని చూశాను. రాలేదు.

"ఏమే," అంది కాసేపటికి. "ఆ పిల్ల నీకేదో చీటీ రాసిచ్చిందంటగా. తమ్ముడు చెప్పాడు. ఏముంది అందులో?"

దారపుండలు పక్కకు జరిపి చీటీ తీశాను. చదివాను.

"నొప్పి నిజం."

"అంతేనా?"

"స్టాంపు కూడా ఉంది."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. ఆమె చెయ్యి చాపింది. ఇచ్చాను. చదువు రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసింది, స్టాంపును బొటనవేలితో తడిమింది, జాగ్రత్తగా తిరిగి ఇచ్చింది. మర్నాడు నాతో పాటు ఆ అమ్మాయి దగ్గరికి వచ్చింది. కాలు ఎత్తమంటే ఎత్తింది. నడవమంటే నడిచింది. నన్ను ఆంటీ అన్న ఆ అమ్మాయి వదినను మామ్మా అంది. నేను సరిదిద్దలేదు.

ఈపూరు తిరిగి వెళ్ళేరోజు ఆటో గుమ్మం ముందు ఆగి ఉంది. మా ఆయన సంచులు పెట్టడానికి ముందు వెళ్ళాడు. వదిన గడప దాటి, రెండు మెట్లు దిగి, ఆగింది. వెనక్కి తిరిగింది. మా గడప నుంచి వెళ్ళేవాళ్ళు అట్లా తిరగకూడదు. కానీ నేను తన్నలేదు గనుక నియమం వర్తించదు.

"ఆ రోజు కల్లంలో," అంది నేల చూస్తూ, "టిక్కీ బరువుగానే ఉండిందిలే."

అని ఆటో ఎక్కింది.

ఆ మాట గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. టిక్కీ బరువుగా ఉందనడం, నా నొప్పి నిజమనడం ఒకటి కావు. దగ్గరిదే గాని ఒకటి కావు. పైగా నాటకం అన్నప్పుడు విని నవ్వినవాళ్ళు ఏడుగురు. ఈ మాట విన్నది నేనొక్కదాన్ని. ఆ ఏడుగురిలో ఒకాయన పోయాడు, ఆయన్ని వదిలేశాను. ఒకామె కొడుకు దగ్గర మాచర్లలో ఉంటుంది. మిగతా ఐదుగురు ఇప్పటికీ వదిన చేలో కాయ కోస్తున్నారు. నీళ్ళు తాగిన ఆయన కూడా ఉన్నాడు.

వచ్చే మిరపకోతలకు నేను వెళతాను. వదినకు చెప్పేశాను. బరువు ఎత్తను, టిక్కీ తొక్కను. నడుముకు సరిపడా ఎత్తున్న స్టూలు ఒకటి భాయ్ చేత చేయించుకున్నాను. అది తీసుకెళ్ళి, అన్నాల వేళకు అందరూ కూర్చునే చోట వేసుకుని కూర్చుంటాను. అరగంటకోసారి లేచి నడుస్తాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను.

"దేనికే నీకంత శ్రమ?" అంది ఫోన్లో వదిన.

"వాళ్ళందరి ముందు నువ్వు చెబుతావుగా, విందామని" అన్నాను.

"వచ్చేటప్పుడు ఆ చీటీ తెచ్చుకో. నాకు చదవటం రాదు" అంది.